ఆకు పెరిగితే చాలదు, గడ్డ ఊరాలి: బెంగళూరు మిద్దె మీద బంగాళాదుంప

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం మా మిద్దె మీద టార్పాలిన్ పట్టా పరిచి, గ్రో బ్యాగ్ ఒకదాన్ని దాని మీద బోర్లించాను. డెబ్బై అయిదు రోజులు ఆ మొక్కని కంటికి రెప్పలా చూసుకున్నాను. మోకాలు దాటి పెరిగింది. ఆకు ముదురు పచ్చగా, దళసరిగా, చూస్తే కడుపు నిండేలా ఉండేది. మట్టి పెళ్లలు చేత్తో విడదీస్తూ వెతికితే పదకొండు గడ్డలు దొరికాయి. అన్నిట్లోకీ పెద్దది రేగిపండంత ఉంది. మిగతావి శనగ గింజ కంటే ఓ పిసరు పెద్దవి, అంతే.

మా కింది వాటాలో ఉండే పెద్దాయనది పలమనేరు దగ్గర పల్లె. టమాటా, ఉర్లగడ్డ వేసే కుటుంబం. ఆరేసిన బట్టలు తీసుకోవడానికి పైకి వచ్చి, పట్టా మీద గడ్డల్ని చూసి ఒకటే ప్రశ్న అడిగారు.

"ఎప్పుడు నాటినావమ్మా?"

"ఫిబ్రవరిలో, బాబాయ్."

"ఫిబ్రవరిలో నాటితే గడ్డ ఎట్ల ఊరుతాది? రాత్రి చలి కొట్టాల. ఆకు ఎంత పెరిగినా లాభం లే."

నేను అప్పటిదాకా మట్టి మిశ్రమం గురించి, ఎరువు గురించి, సంచి లోతు గురించి చదివాను. నాటే తేదీ గురించి మాత్రం ఆలోచించలేదు. బెంగళూరులో ఏడాది పొడవునా వాతావరణం బాగుంటుంది కదా, ఎప్పుడు నాటితే ఏమిటి అనుకున్నాను. తర్వాత చదివి, రెండో విడత నాటి చూశాక అర్థమైంది, ఇంటి దగ్గర బంగాళాదుంప విషయంలో మనం పడే తికమకలన్నీ దాదాపు ఆ ఒక్క మాట దగ్గరికే వస్తాయి. మొక్క పెరగడం వేరు, గడ్డ ఊరడం వేరు.

ముందుగా ఒక సంగతి. బంగాళాదుంప వేరు కాదు, కాండం. క్యారెట్, ముల్లంగి, చిలగడదుంప అయితే వేర్లే లావెక్కుతాయి. బంగాళాదుంప అలా కాదు. మట్టిలో ఉన్న కాండం నుంచి పక్కలకి తెల్లటి సన్నని తీగలు బయల్దేరతాయి. అవి కూడా కాండాలే, వెలుతురు చూడని కాండాలు. ఒక దశలో ఆ తీగ సాగడం మానేస్తుంది. దాని కొస వంకీలా వంగి, వంపు దగ్గర అగ్గిపుల్ల తలంత ఉబ్బుతుంది. అదే గడ్డకి మొదలు. దుంప మీద మనం కళ్లు అని పిలిచేవి ఆ కాండం మీది మొగ్గలు. అందుకే కన్ను ఉన్న ముక్క నాటితే మొక్క వస్తుంది, కన్ను లేని ముక్క కుళ్లిపోతుంది.

తీగ సాగడం ఆపి ఉబ్బాలా, ఇంకా సాగాలా అన్నది ఆ తీగకి పైనుంచే తెలుస్తుంది. ఆకుల్లో ఒక ప్రొటీన్ తయారై, కాండం గుండా కిందికి దిగి, తీగ కొసకి చేరుతుంది. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు ఎస్‌పీ6ఏ. వేరే మొక్కల్లో పూత పూయమని చెప్పే ప్రొటీన్‌కి ఇది దగ్గరి చుట్టం. వేడి ఎక్కువైతే ఆకుల్లో దీని తయారీ తగ్గిపోతుంది. కబురు రాకపోతే తీగ సాగుతూనే ఉంటుంది, ఒక్కోసారి మట్టిలోంచి బయటికి పొడుచుకొచ్చి ఆకులు కూడా వేస్తుంది. నా ఫిబ్రవరి సంచిలో జరిగింది ఇదే. రెండు మూడు చోట్ల సంచి అంచున కొత్త పిలకలు వస్తే మొక్క గుబురుగా తయారవుతోందని సంబరపడ్డాను. గడ్డ కావాల్సిన తీగలే అలా పిలకలైపోయాయి.

దీనికి తోడు ఇంకో లెక్క ఉంది. పగలు ఆకు చక్కెర తయారు చేస్తుంది. రాత్రి మొక్క ఊపిరి తీసుకోవడానికి అందులో కొంత ఖర్చవుతుంది. రాత్రి వెచ్చగా ఉన్నకొద్దీ ఈ ఖర్చు పెరుగుతుంది, పది డిగ్రీలు పెరిగితే సుమారుగా రెట్టింపు. మిగిలిన చక్కెరే కిందికి దిగి పిండి పదార్థంగా మారి గడ్డలో చేరుతుంది. పగలంతా సంపాదించింది రాత్రికి రాత్రి ఖర్చయిపోతే దాచుకోవడానికి ఏం మిగులుతుంది?

అంకెల్లో చెప్పాలంటే, రాత్రి 15 నుంచి 18 డిగ్రీలు ఉంటే బంగాళాదుంప హాయిగా ఊరుతుంది. 20 దాటితే మందగిస్తుంది. మట్టి వేడి 30 దగ్గరికి వస్తే ఊరడం ఇంచుమించు ఆగిపోతుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. డిసెంబర్, జనవరిలో ఇక్కడ రాత్రులు మామూలుగా 15, 16 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఏప్రిల్‌లో రాత్రే 22 దాకా ఉంటుంది, పగలు 34 తాకుతుంది. ఫిబ్రవరి నడుమ నాటిన గడ్డ ఊరడం మొదలుపెట్టాల్సిన సమయం సరిగ్గా మార్చి చివర. అంటే ఊరాల్సిన నెల మొత్తం ఎండాకాలంలోకి తోసేశాను.

మా పిన్ని కూతురు చెన్నైలో ఉంటుంది, తనూ వేస్తానంది. అక్కడ డిసెంబర్‌లో కూడా రాత్రి 21 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి వద్దని చెప్పాను. ఆ మిద్దె మీద చిలగడదుంప, కంద బ్రహ్మాండంగా వస్తాయి. హైదరాబాద్‌లో చలికాలం రాత్రులు బెంగళూరులాగే, ఒక్కోసారి ఇంకా చల్లగా ఉంటాయి. జహీరాబాద్ వైపు ఆలుగడ్డ సాగు ఉన్నది అందుకే.

కొంతమంది పగటి పొడవు గురించి కూడా భయపెడతారు. అండీస్ కొండల్లో పుట్టిన పాత రకాలు పగలు చిన్నదైతేనే ఊరేవి, నిజమే. కానీ బెంగళూరులో జూన్‌లో అతి పొడవైన పగలు కూడా 13 గంటల లోపే, డిసెంబర్‌లో పదకొండు గంటల పైచిలుకు. మన దగ్గర దొరికే రకాలకి ఈ తేడా పెద్ద సమస్య కాదు. ఇక్కడ అడ్డం పడేది వేడే.

ఆ రకాల పేర్లు చాలావరకు కుఫ్రీతో మొదలవుతాయి: కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి, కుఫ్రీ పుఖ్‌రాజ్. కుఫ్రీ సిమ్లా దగ్గర కొండ ఊరు. కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1949లో పాట్నాలో మొదలై 1956లో సిమ్లాకి మారింది. బంగాళాదుంప మొక్క ఎండాకాలపు పొడవు పగళ్లలో, చల్లటి కొండ మీద చక్కగా పూస్తుంది. పూస్తేనే రెండు రకాల్ని కలిపి కొత్త రకం పుట్టించడం కుదురుతుంది. అందుకే ఆ పని కుఫ్రీలో చేసి, ఊరి పేరే రకాలకి పెట్టారు. జ్యోతి, చంద్రముఖి 1968 నాటివి. కర్ణాటక రైతు ఇప్పటికీ ఎక్కువగా వేసేది జ్యోతినే. వేడిని కాస్త తట్టుకునే కుఫ్రీ సూర్య అనే రకం ఉంది, మిద్దె తోటకి అదే మేలు కానీ విడిగా రెండు కిలోలు ఇచ్చేవాళ్లు దొరకడం కష్టం.

ఇక అందరూ అడిగేది: బజారులో కొన్న గడ్డ నాటితే వస్తుందా? వస్తుంది, రాకపోవచ్చు కూడా. రెండింటికీ కారణాలు ఉన్నాయి. తవ్విన గడ్డ వెంటనే మొలవదు. రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ నిద్రలో ఉంటుంది. కర్ణాటకలోని హాసన్ జిల్లాలో మే, జూన్ నెలల్లో వర్షాధారంగా వేసే పంట ఆగస్టు, సెప్టెంబర్లలో తవ్వుతారు. ఆ కొత్త గడ్డని అక్టోబర్ మొదట్లో నాటితే నిద్ర తీరక మట్టిలో అలాగే పడి ఉంటుంది, తడి ఎక్కువైతే కుళ్లుతుంది కూడా. ఉత్తరాది నుంచి వచ్చే గడ్డ సంగతి వేరు. అది ఫిబ్రవరి, మార్చిలో తవ్వి కోల్డ్ స్టోరేజీలో పెట్టింది. నిద్ర ఎప్పుడో తీరింది. కానీ తినడానికి అమ్మే గడ్డ మొలకెత్తకుండా చాలా స్టోరేజీల్లో ఒక మందుని పొగలా పట్టిస్తారు. దాని పేరు సీఐపీసీ. అది పట్టిన గడ్డ నెలల తరబడి వంటింట్లో ఉన్నా కన్ను తెరవదు. తెరిచినా మొలక మొండిగా, వంకరగా వస్తుంది. వాసన చూసి, రంగు చూసి కనిపెట్టలేం. బుట్టలో దానంతట అదే బలంగా మొలకెత్తిన గడ్డ అయితే ఆ చిక్కు లేనట్టే.

బలంగా మొలిచినా ఇంకో చిక్కు మిగిలే ఉంటుంది, వైరస్. పేనుబంక ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలినప్పుడు వైరస్‌ని మోసుకొస్తుంది. అది గడ్డలోకి దిగి, ఆ గడ్డ నాటితే కొత్త మొక్కకీ వస్తుంది. మనం తినే గడ్డలో వైరస్ ఉన్నా మనకి ఏమీ కాదు. మొక్కకి మాత్రం ఆకు ముడుచుకుపోయి, ఏటికేడు దిగుబడి పడిపోతుంది. ఒకప్పుడు మైదాన ప్రాంతాల్లో మంచి విత్తనం తయారవదని, కొండల నుంచి తెచ్చుకోక తప్పదని అనుకునేవారు. డాక్టర్ పుష్కర్‌నాథ్, ఆయన తోటి శాస్త్రవేత్తలు ఉత్తరాది మైదానాల్లో పేనుబంక తక్కువగా ఉండే చలికాలపు రోజుల్లోనే విత్తన పంట పెంచి, పేనుబంక ఉద్ధృతమయ్యేలోపే ఆకుని కోసేసే పద్ధతి తెచ్చారు. ఈ రోజు హాసన్ రైతు జలంధర్ నుంచి వచ్చే విత్తన గడ్డ కొంటున్నాడంటే దాని వెనక ఉన్నది ఆ పనే. నాకు ఇది చాలా గొప్ప పనిగా అనిపిస్తుంది. ముఖ్యంగా క్యాలెండర్ చూసి పురుగుని తప్పించారు.

నేను రెండో విడతకి బాబాయ్ గారి చేత ఊరి నుంచి రెండు కిలోల విత్తన గడ్డ తెప్పించుకున్నాను. బెంగళూరు చుట్టుపక్కల అయితే కోలార్, చిక్కబళ్లాపూర్ వైపు చలికాలం పంట వేసే రైతుల దగ్గర అడిగితే దొరుకుతుంది. కోడిగుడ్డంత గడ్డ అయితే కోయకుండా మొత్తం నాటడమే మేలు. పెద్దది అయితే ముక్కకి రెండు కళ్లైనా ఉండేలా కోసి, కోసిన ముఖం ఒకటి రెండు రోజులు నీడలో ఆరి పొర కట్టాక నాటాలి. నాటడానికి ముందు రెండు వారాలు గడ్డల్ని ఎండ తగలని వెలుతురులో పరిచి ఉంచాను. చీకట్లో మొలిస్తే మొలక తెల్లగా, పొడుగ్గా సాగి ముట్టుకుంటే విరిగిపోతుంది. వెలుతురులో అయితే పొట్టిగా, లావుగా, ముదురు రంగులో వస్తుంది. గడ్డ కొనవైపు, అంటే కళ్లు దగ్గరదగ్గరగా ఉన్న వైపు, పైకి పెట్టాలి.

తేదీ మాత్రం వెనక నుంచి లెక్క వేసుకున్నాను. బాగా చలి ఉండేది డిసెంబర్ నడుమ నుంచి జనవరి చివరి దాకా. నాటిన అయిదారు వారాలకి గడ్డ కట్టడం మొదలవుతుంది. అంటే నాటాల్సింది నవంబర్ మొదటి పక్షం. నేను నవంబర్ 8న నాటాను. అక్టోబర్ మూడో వారం నుంచీ నాటొచ్చు గానీ ఆ రోజుల్లో బెంగళూరులో వాన ఇంకా వదలదు, సంచిలో నీళ్లు నిలిస్తే విత్తనం పోతుంది. డిసెంబర్ దాటితే మళ్లీ నా ఫిబ్రవరి కథే.

సంచి విషయానికి వస్తే, మిద్దె మీద మట్టి పొలంలో మట్టిలా ఉండదు. పొలంలో అర అడుగు లోతులో చల్లగా ఉంటుంది. మిద్దె మీద సంచికి పక్కల నుంచి ఎండ, కింద నుంచి కాలిన స్లాబు. మార్చిలో ఒక మధ్యాహ్నం మూడింటికి వంటింటి థర్మామీటర్ తెచ్చి నల్ల సంచి అంచున గుచ్చితే 38 చూపించింది. అదే సంచి నడుమన 31. గడ్డలు ఊరే తీగలు పక్కలకే కదా సాగేది! ఈసారి తెల్ల సంచులు తీసుకుని, ఇటుకల మీద నిలబెట్టి, పడమటి వైపు పాత గోనె పట్టాలు కప్పాను. మట్టి పైన ఎండుటాకులు రెండంగుళాల మందాన పరిచాను. జనవరిలో ఎండ ఎంత కాసినా అంచున 26 దాటలేదు.

మట్టి కూర్పులో పెద్ద రహస్యమేమీ లేదు. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన కంపోస్ట్ ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, కొంచెం వేపపిండి. వదులుగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. కానీ ఒక అలవాటు మాత్రం మానాలి. మిద్దె తోట వాళ్లం చాలామంది వారం వారం జీవామృతమో, మరో ద్రావణమో పోస్తూ ఉంటాం. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకు మీదే దృష్టి పెట్టి గడ్డని వాయిదా వేస్తుంది. మొలకొచ్చాక నెల దాకా పోసి తర్వాత ఆపేయాలి. ఇంకొకటి, పొటాష్ కోసమని పొయ్యి బూడిద వేయకండి. బూడిద మట్టిని క్షారం వైపు తిప్పుతుంది, అప్పుడు గడ్డ మీద గరుకు పొక్కుల తెగులు ఎక్కువవుతుంది. బంగాళాదుంపకి కాస్త ఆమ్లం ఉన్న మట్టే ఇష్టం.

సంచిని మొదట సగమే నింపి, మొక్క జానెడు పెరిగాక మట్టి ఎగదోయాలి. రెండు మూడు వారాలకి ఇంకోసారి. ఎందుకంటే వెలుతురు తగిలిన గడ్డ పచ్చబడుతుంది. ఆ పచ్చదనం మామూలు పత్రహరితమే, దానితో హాని లేదు. కానీ అదే వెలుతురుకి గడ్డలో సొలనిన్ వంటి చేదు విషాలు కూడా పెరుగుతాయి. ఉడికించినా, వేయించినా అవి పోవు. బాగా పచ్చబడిన గడ్డ, చేదుగా ఉన్న గడ్డ తినకూడదు. ఆకులూ, పూలు రాలాక కాసే చిన్న పచ్చి టమాటాల్లాంటి కాయలూ విషమే. పిల్లలున్న ఇంట్లో ఆ కాయల్ని కనబడగానే తుంచేయండి. మట్టి ఎగదోస్తే దుంప తొలిచే చిమ్మెట పురుగు కూడా గడ్డ కళ్ల మీద గుడ్లు పెట్టలేదు. కర్ణాటక, మహారాష్ట్రల్లో దాని బెడద ఎక్కువ.

అయితే మట్టి ఎగదోసినకొద్దీ పై అంతస్తుల్లోనూ గడ్డలు కాస్తాయని, టైర్ మీద టైర్ పేర్చి ఒక్క మొక్కకి బస్తాడు తీయొచ్చని వీడియోల్లో చూపిస్తారు. నమ్మకండి. మనకి దొరికే తొందర రకాలు మూడు నెలల్లో ముగిసిపోతాయి. వాటి తీగలు విత్తన గడ్డకి దగ్గరలో, కింది కణుపుల నుంచే ఎక్కువగా వస్తాయి. ఎంత ఎత్తు కట్టినా పైన మట్టి ఖాళీగానే మిగులుతుంది. ఒక మొక్క ఎంత ఇస్తుందో తెలియాలంటే పొలం లెక్క చూడాలి. మన దేశంలో సగటు దిగుబడి ఎకరాకి సుమారు 10 టన్నులు. సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20 వదిలితే ఎకరంలో 33 వేల చిల్లర మొక్కలు పడతాయి. భాగిస్తే మొక్కకి 300 గ్రాములు. చేతి నిండా అనుభవం ఉన్న రైతు, మంచి నేలలో తీసేది అంత. సంచిలో మనకీ అంత వస్తే సంతోషించాలి.

నీళ్ల గురించి ఒక్క మాట. గడ్డ కట్టే రెండు మూడు వారాలు మట్టి ఎండకూడదు. ఎండబెట్టి ఒక్కసారిగా పోస్తే గడ్డ పగులుతుంది, లేదా దాని మీద ఇంకో బొడిపె లేస్తుంది. అల్లం కొమ్ములా వంకర తిరిగిన గడ్డలు వచ్చాయంటే కారణం అదే.

తెగుళ్లలో భయపడాల్సింది ఒక్కదానికి, లేట్ బ్లైట్. కన్నడంలో అంగమారి అంటారు. 1845లో ఐర్లండ్‌లో పంట తుడిచిపెట్టి పెద్ద కరువు తెచ్చింది ఇదే. హాసన్ రైతుల్ని కూడా చాలా ఏళ్లు దెబ్బతీసింది. చల్లగా ఉండి గాలిలో తేమ నిండినప్పుడు వస్తుంది, అంటే నవంబర్‌లో బంగాళాఖాతంలో వాయుగుండం పడి ఇక్కడ మూడు రోజులు ముసురు పట్టినప్పుడు. మా సంచుల్లో ఒకదానికి వచ్చింది. పొద్దున్నే ఆకు తిప్పి చూస్తే, నీటిలో నానినట్టున్న నల్లటి మచ్చ చుట్టూ సన్నగా తెల్లటి నూగు కనిపించింది. ఎండెక్కాక చూస్తే ఆ నూగు లేదు. అందుకే పొద్దున్నే చూడాలి. ఆ సంచిలో మొక్కల్ని మొదలంటా తీసి కవర్లో కట్టి పారేశాను, కంపోస్ట్‌లో వేయలేదు. టమాటా సంచుల్ని మిద్దె ఆ చివరికి జరిపాను, ఎందుకంటే ఇదే తెగులు టమాటాకీ పాకుతుంది.

జనవరి చివర్లో ఆకు పసుపు తిరగగానే నీళ్లు ఆపాను. పది రోజులాగి కాండాన్ని నేల మట్టానికి కోసి, ఇంకో వారం గడ్డల్ని మట్టిలోనే వదిలాను. ఆ వారంలోనే తొక్క గట్టిపడుతుంది. వేలితో రుద్దితే తొక్క ఊడి వస్తోందంటే ఇంకా ఆగాలి. ఫిబ్రవరి 12న బాబాయ్ గారు పట్టా ఒక కొస పట్టుకుంటే మిగిలిన అయిదు సంచులూ బోర్లించాం. మొత్తం రెండు కిలోల ఏడు వందల గ్రాములు. సంచికి రెండు మొక్కలు, మొక్కకి 270 గ్రాములు. అందులో పిడికిలంత గడ్డలు పధ్నాలుగు ఉన్నాయి.

"ఊరినాయమ్మా," అన్నారు ఆయన, ఒకటి చేతిలో తిప్పి చూస్తూ.

ఆ సాయంత్రం రెండు ఇళ్లలోనూ తొక్క తీయకుండానే వేపుడు చేశాం. కొత్త గడ్డ తొక్క ఉల్లిపొరంత పల్చగా ఉంటుంది, లోపల నీటి కండ ఎక్కువ, అందుకే వేపుడు కరకరలాడదు గానీ వెన్నలా మెత్తగా ఉంటుంది. కరకరలాడాలంటే రెండు మూడు వారాలు చీకట్లో, గాలి తగిలేలా ఉంచి వాడుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చలికి పిండి పదార్థం చక్కెరగా మారి వేపుడు నల్లబడుతుంది.

చిన్న గడ్డల్ని వచ్చే ఏడాదికి విత్తనంగా దాచుకోవాలనిపించింది. దాచలేదు. మా మిద్దె మీద వంకాయ మొక్కలకి పేనుబంక ఎప్పుడూ ఉంటుంది, ఈ గడ్డల్లోకి వైరస్ దిగి ఉండకపోతే ఆశ్చర్యం. నవంబర్‌కి కొత్త విత్తనమే తెప్పించుకుంటాను. ఆ సంచుల మట్టిలో ఇప్పుడు బీన్స్ వేశాను. వంగ, టమాటా, మిరప బంగాళాదుంపకి దగ్గరి బంధువులు కాబట్టి, అవి ఏడాది దాకా ఆ మట్టిలోకి రావు.